చెప్పులు బయట విడిచిన గది

శంకర్‌పల్లి రోడ్డు మీద దొంతన్‌పల్లి అంటే ఇవాళ చాలామందికి ఇక్ఫాయ్ యూనివర్సిటీయే. 2008లో డీమ్డ్ హోదా వచ్చాక ఆ ఊరి పేరు ఎక్కడెక్కడి పిల్లల అడ్మిషన్ కాగితాల మీదికో ఎక్కింది. అక్కడ కంప్యూటర్లు చదువుకునే పిల్లలకి క్లౌడ్ అంటే ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే ఒక పేజీ. ఆ క్లౌడ్ నేలమీద కాళ్లూనిన చోటు మాత్రం మరీ దూరం కాదు. మొయినాబాద్, చేవెళ్ల మండలాలు దాటి దక్షిణంగా షాబాద్ వైపు పోతే చందన్‌వెల్లి వస్తుంది. కిటికీలు లేని పెద్ద పెద్ద షెడ్లు, వాటి పక్కన సబ్‌స్టేషను, వరసగా డీజిల్ జనరేటర్లు. లోపల వేల సర్వర్లు. వాటిని బిగించి, విప్పి, తుడిచి, వైర్లు లాగి, బ్యాటరీలు మార్చే మనుషులు.

ఆ మనుషుల గురించి మనం రాసుకున్నది తక్కువ. హైదరాబాద్ ఐటీ చరిత్ర చెప్పమంటే హైటెక్ సిటీ, అమెరికా వీసాలు, కోకాపేట భూముల వేలం దగ్గర ఆగిపోతాం. సర్వర్ గదిలో మనిషి ఎలా బతికి బయటపడ్డాడు అన్నదానికీ ఒక చరిత్ర ఉంది. దాన్ని మొదటినుంచీ తిరగేస్తే ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఆ గదిలో దాదాపు ప్రతి నియమమూ ముందు యంత్రం కోసం పుట్టింది. మనిషి వంతు ఆ తర్వాత వచ్చింది. కొన్నిచోట్ల ఇంకా రాలేదు.

మన దగ్గర ఈ కథ ఈసీఐఎల్‌తో మొదలవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, జనం నోట ఏఎస్ రావు, 1967లో హైదరాబాద్‌లో నిలబెట్టిన సంస్థ అది. ట్రాంబేలో అణుశక్తి శాఖ శాస్త్రవేత్తలు రూపకల్పన చేసిన టీడీసీ-12 కంప్యూటరు 1969లో వచ్చింది. 1970ల మధ్యలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఇనుప బీరువాల్లాంటి క్యాబినెట్లు, వాటి అడుగున బరువైన పవర్ సప్లైలు. స్విచ్ ఆపినా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండిపోతుంది. ప్లగ్గు పీకేశాం కదా అని వేలు పెట్టినవాడికి దెబ్బ తగిలేది అక్కడే. ఆ తరం రేడియో మెకానిక్కులు పాటించిన సూత్రం ఒకటుంది: లోపల వేలు పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి రెండో చేతిలోంచి దిగితే దారిలో గుండె ఉంటుంది. అట్టముక్క మీద అచ్చేసిన నియమం కాదిది, గురువు శిష్యుడికి చెప్పుకున్న మాట. ఎలక్ట్రానిక్స్ పనిలో మనిషి కోసమే పుట్టిన బహు కొద్ది నియమాల్లో ఇదొకటి.

1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లింది. అది వదిలిన యంత్రాల బాగోగులు ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడ్డాయి. సీఎంసీగా మనకి తెలిసిన సంస్థే. హైదరాబాద్‌లో దానికి పెద్ద పరిశోధన కేంద్రం ఉండేది. రైల్వే రిజర్వేషన్లను కంప్యూటర్ మీదికి ఎక్కించింది కూడా ఆ సంస్థే. దాని ఇంజనీర్లు చూసిన ప్రమాదాలు ఎక్కువగా కదిలే భాగాలవి. కార్డు రీడర్లు, నిమిషానికి వందల వరసలు కొట్టే లైన్ ప్రింటర్లు, గిరగిర తిరిగే డిస్కులు. టై, చున్నీ, వేలాడే ఐడీ కార్డు, ఏదైనా లోపలికి పోవచ్చు. ఆ యంత్రాలతోపాటే ఆ ప్రమాదాలూ పోయాయి. ఇవాళ సర్వర్లో చేతికి తగిలేలా తిరిగేవి ఫ్యాన్లే.

ఇక చెప్పుల సంగతి. 1980ల్లో, 90ల్లో ఆఫీసులోనో కాలేజీలోనో కంప్యూటర్ గది చూసినవాళ్లెవరికైనా గుర్తుంటుంది, తలుపు బయట చెప్పుల గుట్ట. లోపల ఏసీ, కింద కార్పెట్టో వినైల్ పరుపో. గుమాస్తాలు మే నెలలో ఏదో ఒక పని చెప్పుకుని ఆ గదిలోకి వచ్చేవాళ్లు. ఏసీ మనకోసం కాదు, దానికోసం అని ఆపరేటరు బయటికి పంపేసేవాడు. చెప్పులు విడవమనడంలో అర్థం లేకపోలేదు. అప్పటి డిస్కుల్లో చదివే తలకాయకీ తిరిగే పళ్లేనికీ మధ్య ఎడం మైక్రానుల్లో ఉండేది. పొగ రేణువు కూడా దానికి కొండంత. ధూళి దూరితే తల పళ్లేన్ని గీరేస్తుంది, డేటా పోతుంది. అందుకని చెప్పులు బయట.

కానీ కరెంటుతో పనిచేసేవాడికి ఉత్త కాళ్లకంటే ప్రమాదం ఇంకోటి లేదు. సబ్‌స్టేషన్‌లో ప్యానెల్ ముందు రబ్బరు మ్యాటు పరిచి, దానిమీద బూట్లేసుకుని నిలబడాలని లైన్‌మన్‌కి మొదటి రోజే చెబుతారు. అదే కరెంటు, అదే 230 వోల్టులు, పక్క గదిలో కంప్యూటర్ పేరు పెట్టుకునేసరికి మనిషిని చెప్పులు విప్పించి లోపలికి పంపింది. ఏళ్ల తరబడి ఎవరికీ ఇది వింతగా తోచలేదు. ఆ పనికి గుడిలోకి అడుగుపెట్టినంత పవిత్రత కూడా అంటుకుంది మరి.

అదే కాలంలో వచ్చిన చేతిపట్టీని దగ్గరగా చూడండి. చిప్‌లు ముట్టుకునేముందు మణికట్టుకి కట్టుకునే పట్టీ అది. దానినుంచి ఒక తీగ వెళ్లి ఎర్త్‌కి తగులుకుంటుంది. నడిస్తే, కుర్చీలోంచి లేస్తే ఒంటిమీద చేరే స్థిర విద్యుత్తు వేల వోల్టులుంటుంది. మనకి చిన్న చురుకు, చిప్‌కి చావు. కాబట్టి పట్టీ కట్టేది మనిషి నుంచి చిప్‌ని కాపాడటానికి. అయితే ఒంటిని నేరుగా ఎర్త్‌కి కట్టేసి, పొరబాటున రెండో చేత్తో లైవ్ వైరు పట్టుకుంటే? కరెంటుకి మనమే దారి వేసి ఇచ్చినట్టు. అందుకే మంచి పట్టీల తీగలో ఒక మెగాఓమ్ రెసిస్టరు పెడతారు. స్థిర విద్యుత్తు దాంట్లోంచి మెల్లగా జారిపోతుంది, 230 వోల్టుల దెబ్బ మాత్రం మిల్లీయాంపులో నాలుగోవంతుకి మించదు. గోరంత ఆ రెసిస్టరు ఒక్కటీ మనిషి కోసం. సంతలో దొరికే చవక పట్టీల్లో అదే ఉండదు. ఉన్న పట్టీ అయినా సరే, కరెంటున్న పవర్ సప్లై విప్పేటప్పుడు తీసి పక్కన పెట్టాలి.

మంటల విషయంలో ఈ తారుమారు ఇంకా ముదిరింది. కంప్యూటర్ల మీద నీళ్లు పొయ్యలేం. పూర్వం కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్ నింపిన సిలిండర్లు పెట్టేవారు. గది మొత్తం మంట ఆరాలంటే గాలిలో ఆ వాయువు మూడోవంతు దాటాలి. పది శాతం దాటితేనే నిమిషాల్లో మనిషికి స్పృహ పోతుంది. అంటే మంట ఆరేలోగా లోపలివాడు పోతాడు. తర్వాత వచ్చిన హేలాన్ 1301 నిజంగానే మంచి వాయువు. ఐదారు శాతంతో మంటని ఆపేది, ఆ మోతాదులో మనిషి బయటికి నడిచి రాగలిగేవాడు. కానీ ఓజోన్ పొరకి చేటు. 1987 మాంట్రియల్ ఒప్పందం దానికి చరమగీతం పాడింది. భారత్ 1992లో ఆ ఒప్పందంలో చేరింది. మనలాంటి దేశాలు 2010కల్లా దాని తయారీ మానెయ్యాలన్నది షరతు. దాని చోట ఎఫ్ఎం-200, జడ వాయువుల మిశ్రమాలు, నోవెక్ వచ్చాయి. ఎఫ్ఎం-200 పది సెకన్లలో గది నిండుతుంది. పెద్ద మంట తగిలితే అది విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. అందుకే హారన్ మోగగానే పరుగెత్తాలి. తలుపు పక్కనున్న ఎబార్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే వాయువు విడుదల ఆగుతుంది, లోపల చిక్కినవాడికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ బటన్ ఎక్కడుందో అక్కడ రోజూ పనిచేసేవాళ్లని అడిగి చూడండి. సెక్యూరిటీ గార్డుకి తెలిసినంతగా చాలామంది ఇంజనీర్లకి తెలియదు.

2016 సెప్టెంబరులో బుఖారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో ఈ వాయువుల పద్ధతినే పరీక్షించారు. మంట లేదు, గింట లేదు. వాయువు గొట్టాల్లోంచి తన్నుకొచ్చిన చప్పుడుకే హార్డ్ డిస్కులు అదిరి పాడయ్యాయి. బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగాయి. ఆ వార్త చదివి చాలా కంపెనీలు నాజిళ్లకి సైలెన్సర్లు వెతుక్కున్నాయి. డిస్కు చెవులు అంత సుకుమారమని లోకానికి తెలిసిందప్పుడు. సర్వర్ హాల్లో ఎనభై అయిదు, తొంభై డెసిబెళ్ల హోరులో ఎనిమిది గంటలుండే కుర్రాడి చెవుల గురించి అంత చర్చ జరగలేదు.

మధ్యలో చట్టం ఒకటుంది. 1984లో భోపాల్ జరిగింది. వేలమంది చచ్చిపోయాక ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. ప్రమాదకర పరిశ్రమలకి కొత్త అధ్యాయం చేర్చారు, కార్మికుడికి తనెంత ప్రమాదంలో ఉన్నాడో తెలుసుకునే హక్కు ఇచ్చారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులైనా, పట్టుకున్నారు. అదే సవరణలో, ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే చోట ఒక వివరణ కూడా చేర్చారు. ఒక చోట కంప్యూటర్ యూనిట్ పెట్టినంత మాత్రాన, అక్కడ తయారీ ప్రక్రియ ఏదీ లేకపోతే, అది ఫ్యాక్టరీ కాదు. 1987లో ఆ మాటకి అర్థం ఉంది. పేరోల్ తీసే ఏసీ గదికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఎందుకు? కానీ ఆ నిర్వచనం నీడలోనే ముప్పై ఎనిమిదేళ్లలో ఆ గది పెరిగి పెరిగి, సొంత సబ్‌స్టేషనూ, డీజిల్ ట్యాంకులూ, టన్నుల కొద్దీ బ్యాటరీలూ ఉన్న పరిశ్రమ అయింది. చందన్‌వెల్లి పారిశ్రామిక వాడలో బట్టలు నేసే షెడ్డు ఫ్యాక్టరీ. పక్కన అంతకు ఎన్నోరెట్లు కరెంటు మింగే షెడ్డు కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పదిమంది, అంతకు పైగా పనిచేసే సంస్థలని తన కిందికి తెచ్చుకుంది కాబట్టి కొంత మేలు. రాష్ట్రం దాన్ని డేటా సెంటర్ల దాకా ఎలా తీసుకెళ్తుందన్నది చూడాలి.

1998 నవంబరు మన కంప్యూటర్ చరిత్రలో ఒక మలుపు. ఆ నెల 22న సైబర్ టవర్స్ ప్రారంభానికి ప్రధాని వాజ్‌పేయి వచ్చారు. పత్రికల మొదటి పేజీలన్నీ దానికే. అదే నెల 4న కార్డ్ పథకం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. నా దృష్టిలో సర్వర్ గది పల్లెకు నడిచొచ్చింది ఆ రోజునే. అద్దె ఇంట్లో నడిచే ఆఫీసు, వెనక చిన్న గది, అందులో సర్వరు, యూపీఎస్, చెక్క స్టాండు మీద వరసగా బ్యాటరీలు. కరెంటు కోతల రోజులు కాబట్టి బ్యాటరీలు రోజంతా ఎక్కీ దిగీ పనిచేసేవి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో నాలుగు శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. ధూళి రాకూడదని కిటికీ బిగించేసిన గది, చల్లదనం పోకూడదని మూసిన తలుపు. యంత్రానికి ఏది మేలో, అదే హైడ్రోజన్‌కి గూడు. డిస్టిల్డ్ వాటర్ పోసేది అటెండరు. అతనికి కళ్లద్దాలు గానీ, గ్లౌజులు గానీ ఎవరిచ్చారు? యాసిడ్ పడి చిల్లులు పడ్డ చొక్కాలు ఆ ఉద్యోగానికి యూనిఫారం.

ఆ రోజుల్లో కొత్త సర్వరు బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు పెట్టె తెరవకముందే మల్టీమీటరు తీసేవాడు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే, మీ ఎర్తింగు బాగాలేదు, వారంటీ వర్తించదు అనేవాడు. మన నేలలో ఎర్తింగు ఆడుతూ పాడుతూ అయ్యే పని కాదు. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు. నాలుగడుగులు తవ్వితే బండ. చేవెళ్ల వైపు నల్లరేగడి తగిలితే కొంత నయం, తడి నిలుపుకుంటుంది. అదే రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి ఎర్తు కడ్డీని వదిలేస్తుంది. గొయ్యి తీసి, జీఐ పైపు దించి, బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి, పైన గరాటు పెట్టి సిమెంటు తొట్టి కట్టేవారు. వేసవిలో బిందెడు నీళ్లు పొయ్యడం వాచ్‌మన్ పని. వాచ్‌మన్ మారితే ఆ పని ఎవరికీ గుర్తుండదు, గొయ్యి ఎండిపోతుంది, సర్వరు బాడీ ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఎర్తింగు ప్రాణం కాపాడే తీగ. మన ఆఫీసుల్లో అది సరిగ్గా పడింది మాత్రం వారంటీ భయానికే. పోనీలే, ఎలాగోలా పడింది.

1996లో రిజర్వ్ బ్యాంకు హైదరాబాద్‌లో బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీని స్థాపించింది. 1999లో బ్యాంకుల నెట్‌వర్క్ ఇన్ఫినెట్, 2004లో ఏటీఎంలని కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ ఇక్కడినుంచే నడిచాయి. ఆ స్విచ్ 2009లో ఎన్‌పీసీఐకి వెళ్లేదాకా, ఏటీఎం అనే మాటకి ఆ సంస్థ ఉన్న మాసాబ్ ట్యాంక్‌తో చుట్టరికం ఉండేది. ఆ దశాబ్దంలోనే టవర్ సర్వర్లు పోయి ర్యాకులు వచ్చాయి. పంతొమ్మిది అంగుళాల వెడల్పున్న ఈ చట్రం కంప్యూటర్లకంటే పాతది, టెలిఫోన్ రిలేలను బిగించడానికి 1920ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్నది. ఒక్కో అర 44.45 మిల్లీమీటర్లు, దాన్నే యూ అంటారు. మామూలుగా 42 యూల ఎత్తు.

ర్యాకు తెచ్చిన ప్రమాదం బరువు. నిండిన ర్యాకు ఏడెనిమిది వందల కిలోలు తూగుతుంది. సర్వర్లు సొరుగుల్లా పట్టాలమీద ముందుకు వస్తాయి. పైనున్న రెండు మూడింటిని ఒకేసారి లాగితే మొత్తం ర్యాకు మీదికి ఒరుగుతుంది. అందుకే బరువైనవి అడుగున, బిగించేటప్పుడు కిందనుంచి పైకి, విప్పేటప్పుడు పైనుంచి కిందికి. ముందు స్టెబిలైజర్ కాళ్లు లాగి, ఒక్కసారికి ఒక్కటే సర్వరు. పెద్ద సర్వరుకి ఇద్దరు, లేదా లిఫ్టు. ఎవరికీ తెలియని సంగతులు కావివి. రాత్రి రెండింటికి, పైనుంచి ఫోన్లమీద ఫోన్లు వస్తుంటే, లిఫ్టు పక్క బిల్డింగులో ఉంటే, ఒక్కడే భుజం పెడతాడు. ఫాల్స్ ఫ్లోర్ టైలు తీసి మూయడం మరిచిన చోట కాలు విరగ్గొట్టుకునేదీ అలాంటి రాత్రే.

పిన్నపురెడ్డి శ్రీధర్ రెడ్డి 2007లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన డేటా సెంటర్ల సంస్థ కంట్రోల్‌ఎస్, టియర్-4 అనే మాటని మన పత్రికలకి పరిచయం చేసింది. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ 1990ల్లో గీసిన ఈ తరగతుల్లో మూడో మెట్టు నుంచి ఒక షరతుంది. సేవ ఆగకుండానే ఏ భాగాన్నయినా ఆపి మరమ్మతు చెయ్యగలగాలి. దీన్ని అందరూ కస్టమరు కోణంలోంచే చూస్తారు. ఎలక్ట్రీషియన్ వైపునుంచి చూస్తే ఇది అరవై ఏళ్లలో అతనికి దక్కిన అతిపెద్ద వరం. కరెంటుండగానే పని కానిచ్చెయ్ అనడానికి మేనేజరుకి సాకు లేకుండా పోయింది. కరెంటు వచ్చే రెండు దారుల్లో ‘ఏ’ని ఆపి ‘బీ’ మీద నడిపించొచ్చు. వరమైతే వచ్చింది గానీ, దానివెంట ఒక ఉచ్చు కూడా వచ్చింది. ర్యాకు వెనక తలుపు తీస్తే ఎడమవైపు ఒక పవర్ స్ట్రిప్పు, కుడివైపు ఒకటి. ఒక్కో సర్వరుకి రెండు తీగలు, ఇటొకటి, అటొకటి. ఎడమది ఆపేసి కరెంటు పోయిందనుకుంటే పొరబాటు, కుడివైపునుంచి బాడీ లోపల అంతా లైవే. తీగలకి రంగులు వేరుగా వేసేది ఇందుకే. రెండు రంగుల తీగలు స్టోర్లో దొరక్క రెండువైపులా నల్లతీగలే బిగించిన ర్యాకులు బోలెడు.

ఈ ఉచ్చుకి విరుగుడు చేవెళ్ల పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి ఎల్‌సీ అడుగుతాడు. లైన్ క్లియర్. ఆపరేటరు ఫీడరు ఆపి, లాగ్‌బుక్‌లో పేరూ టైమూ రాసి, స్విచ్‌కి బోర్డు తగిలిస్తాడు. ఎల్‌సీ తీసుకున్నవాడే దాన్ని తిరిగివ్వాలి, ఇంకొకడు చెబితే కరెంటు వదలకూడదు. గద్దె దగ్గర ఏబీ స్విచ్ దించి, లైనుకి ఎర్త్ రాడ్ తగిలించాకే చెయ్యి పెట్టాలి. ఈ పద్ధతి తప్పిన చోటల్లా లైన్‌మన్లు పోయారు. లైన్‌మన్ రాలేదని తామే ఫ్యూజు వెయ్యబోయిన రైతులూ పోయారు. అమెరికా 1989లో లాకౌట్ ట్యాగౌట్ పేరుతో కేంద్ర నిబంధన చేసింది దీని అన్నదమ్ముడినే. స్విచ్‌కి తాళం, తాళానికి నా పేరు, తాళంచెవి నా జేబులో. ఇవాళ డేటా సెంటర్ ఇండక్షన్‌లో దాన్ని పవర్‌పాయింట్లో చూపిస్తారు, అదీ చాలాచోట్ల ఇంగ్లిషులో, తూతూమంత్రంగా. ఎదురుగా కూర్చున్న శంకర్‌పల్లి కుర్రాడికి, ఎల్‌సీ లాంటిదేరా అంటే అరనిమిషంలో ఎక్కుతుంది. ఆ ఒక్క మాట ఎవరూ అనరు.

2020 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించింది. చందన్‌వెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ ప్రాంతాలు దానికి ఎంచుకున్న చోట్లు. 2022 నవంబరులో దాని హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటా సెంటర్ల గుంపు, పని మొదలెట్టింది. 2023 జనవరిలో ఆ పెట్టుబడి 36,300 కోట్లకి పెంచుతామన్నారు. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా తన రీజియన్‌ని హైదరాబాద్‌లో పెడతామని చెప్పింది. లెక్కలన్నీ కోట్లలో. ఎంతమందికి ఉద్యోగాలంటే మాత్రం అందరూ గొంతు సవరించుకుంటారు, ఎందుకంటే డేటా సెంటర్ లోపల మనుషులు తక్కువ. ఉన్నవాళ్లలో చాలామంది సంస్థ పేరున్న కార్డు మెళ్లో వేసుకున్నవాళ్లు కారు. కరెంటు పని ఒక కాంట్రాక్టరుది, ఏసీ ఇంకొకరిది, కేబుల్ లాగేది ఒక సబ్ కాంట్రాక్టరు, ఊడ్చేది మరొక ఏజెన్సీ.

లోపల వేడి గాలి నడవా ఒకటుంటుంది. ర్యాకుల ముఖాలు ఒకవైపు, వీపులు ఒకవైపు పెట్టి, చల్లగాలినీ వేడిగాలినీ విడదీసే పద్ధతి 1990ల్లో వచ్చింది. సర్వరు పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 2008లో సూచించింది. కరెంటు ఆదా కాబట్టి చాలామంది పై అంచువైపే నడుపుతారు. ఆ 27 సర్వరు ముక్కు దగ్గర. అది వదిలే గాలి వెనక నలభై దాటుతుంది. కేబుళ్లన్నీ ఉండేది వెనకే, కాబట్టి మనిషి పని అక్కడే. సర్వర్ల మీద ఒలుకుతాయని నీళ్ల సీసా లోపలికి రానివ్వరు. అరగంటకోసారి బయటికొచ్చి నీళ్లు తాగు అని రాసిపెట్టిన చోట్లు ఉన్నాయి. రాసిపెట్టని చోట అది సూపర్‌వైజరు దయ.

లోకంలో ఈమధ్య జరిగిన పెద్ద ప్రమాదాలు రెండూ కరెంటు తియ్యడం దగ్గరే తిరుగుతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. భవనం మొత్తానికి కరెంటు తీసేసే ఒకే స్విచ్ లేదు. పవర్ రూము గుమ్మంలో మీటరు పొడవున ఆర్కులు లేస్తుంటే ఫైరింజన్ సిబ్బంది చూస్తూ నిలబడాల్సి వచ్చింది. సేవ ఎప్పటికీ ఆగకూడదని కట్టిన భవనాన్ని, ఆపాల్సి వచ్చినప్పుడు ఎలా ఆపాలో ఎవరూ తేల్చుకోలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. సర్వర్లకి దూరంగా ఉండాలని బ్యాటరీలని వేరేచోటికి మారుస్తుండగా జరిగిందది. ఆరు వందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచిన 858 టెరాబైట్లు, బ్యాకప్ లేదు కాబట్టి, బూడిదయ్యాయి. మెయిన్ బ్రేకరు దించారు గానీ బ్యాటరీ ర్యాకుల అనుబంధ బ్రేకర్లు దించలేదని పోలీసులు తేల్చారు. పని దక్కించుకున్న కంపెనీ ఒకటి, చేసిన మనుషులు ఇంకో కంపెనీవాళ్లని కూడా తేలింది. చందన్‌వెల్లికి కొరియా ఎంత దూరమైనా, ఈ చివరి వాక్యం మాత్రం మనకి కొత్తగా వినబడదు.

మనిషి వైపునుంచి చూస్తే ఈ అరవై ఏళ్లు వట్టిపోయాయని కాదు. చెప్పుల గుట్టలు పోయాయి. మంచి డేటా సెంటర్లలో ఇవాళ సేఫ్టీ షూస్ లేకుండా లోపలికి రానివ్వరు. ప్యానెల్ ముందు రబ్బరు మ్యాటుంది, దానికి 2006 నాటి భారతీయ ప్రమాణమూ ఉంది. ఆర్క్‌కి తట్టుకునే సూటూ, ముఖానికి షీల్డూ గోడకి వేలాడుతుంటాయి. పని మొదలెట్టేముందు పర్మిట్ మీద సంతకాలు అవుతాయి. ఈ మార్పులో సగం విదేశీ కస్టమర్ల ఆడిట్ల భయానికి వచ్చిందే. ఆడిటరు రాని చిన్న సర్వర్ గదులు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, సహకార బ్యాంకుల్లో ఇంకా 1998లోనే ఉన్నాయి. అవి ఎన్నున్నాయో లెక్కపెట్టే ఆఫీసు లేదు.

ఇప్పుడు ర్యాకు మళ్లీ మారుతోంది. పదేళ్ల కిందట ఒక ర్యాకు ఐదారు కిలోవాట్లు తాగేది. కృత్రిమ మేధ కోసం ఎన్‌విడియా కడుతున్న ఎన్‌వీఎల్-72 ర్యాకు 120 కిలోవాట్ల దాకా తాగుతుంది, 1,300 కిలోలకు పైగా తూగుతుంది. గాలి చాలక నీటి గొట్టాలు ర్యాకు లోపలికే వచ్చేశాయి. సీసా నీళ్లు నిషేధమైన గదిలోనే. 2027 నుంచి ర్యాకులకి 800 వోల్టుల డీసీ ఇస్తామని అదే సంస్థ 2025లో ప్రకటించింది. మన 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకి నూరుసార్లు సున్నా దగ్గరికి వస్తుంది, ఆర్కు పుట్టినా ఆరడానికి సందు దొరుకుతుంది. డీసీకి ఆ సందు లేదు. లోడు ఉండగా ప్లగ్గు పీకితే ఆర్కు సాగుతూ వెంట వస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి ప్రకటించిన గిగావాట్ కేంద్రంలోనూ, చందన్‌వెల్లిలో కట్టబోయే కొత్త హాళ్లలోనూ ఈ ర్యాకులే రావచ్చు. మన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేతికి అలవాటయ్యేది 230, 415 వోల్టుల ఏసీ. సోలార్ ప్లాంట్లలో పనిచేసిన కుర్రాళ్లకి మాత్రం హై వోల్టేజి డీసీ అంటే ఏమిటో ఇప్పటికే తెలుసు. డేటా సెంటర్ కాంట్రాక్టర్లు వాళ్లని వెతుకుతున్నట్టు ఇంకా కనబడదు.